కప్పు లేని టోర్నమెంటు: ఆఫ్రికా అండర్-17 అమ్మాయిల క్వాలిఫయర్లు అసలు ఎలా నడుస్తాయి

2022 అక్టోబర్‌లో నవీ ముంబైలో నైజీరియా అమ్మాయిలు అమెరికాని పెనాల్టీల్లో కొట్టి ఇంటికి పంపినప్పుడు మ్యాచ్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 90 నిమిషాలకి 1-1, షూటౌట్‌లో 4-3. అండర్-17 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్ అది, మన దేశంలోనే జరిగింది, అయినా ఇండియా అప్పటికే గ్రూప్‌లో అవుట్ అయిపోయింది కాబట్టి మనవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. నేను మాత్రం ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా, ఈ టీమ్ ఇక్కడిదాకా ఎలా వచ్చింది, ఆఫ్రికాలో ఫైనల్ ఎవరి మీద గెలిచింది అని వెతుకుదామని. గంట వెతికినా ఫైనల్ దొరకలేదు. ఎందుకంటే ఫైనల్ అనేదే లేదు!

అక్కడినుంచి మొదలైంది ఈ తికమక. ఇప్పుడు ఈ వరల్డ్ కప్ ఏటా జరుగుతోంది కాబట్టి క్వాలిఫయర్ల స్కోర్లు కూడా ఏటా కనిపిస్తాయి, చూసినవాళ్ళు "ఇంతకీ ఛాంపియన్ ఎవరు" అని అడుగుతూనే ఉంటారు. అందుకే మొదటినుంచీ విడదీసి రాద్దామని.

## పేరులో టోర్నమెంటు ఉంది, కప్పు మాత్రం లేదు

ఆఫ్రికా ఫుట్‌బాల్‌ని నడిపే సంస్థ కాఫ్. దానికింద 54 దేశాలున్నాయి. సీనియర్ ఆడవాళ్ళకి ఆఫ్రికా కప్ ఉంది, దాన్ని వాఫ్‌కాన్ అంటారు, ఒక దేశంలో అందరూ చేరి మూడు వారాలపాటు ఆడతారు, చివర్లో కప్పు ఎత్తుతారు, అది మనకి అర్థమయ్యే టైపు. అండర్-17 అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి అలాంటిది లేదు. ఉన్నదల్లా వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ టోర్నమెంట్ అని పేరున్న ఒక నాకౌట్ మెట్లవరస. ఒక్కో రౌండ్‌లో ఇద్దరిద్దరికి జోడీలు కడతారు, గెలిచినవాళ్ళు పైమెట్టుకి, ఓడినవాళ్ళు ఇంటికి. చివరి రౌండ్‌లో నాలుగు జోడీలు మిగిలితే గెలిచిన నాలుగు టీములూ వరల్డ్ కప్‌కి వెళ్ళిపోతాయి, అంతటితో ఆట బంద్. ఆ నలుగురిలో ఎవరు గొప్ప అనేది తేల్చే మ్యాచ్ ఉండదు, మెడల్ ఉండదు, కాబట్టి "ఆఫ్రికా అండర్-17 ఛాంపియన్" అని ఎవరైనా రాస్తే అది కల్పనే.

అండర్-20 కూడా ఇదే పద్ధతి. అయితే వాళ్ళకి ఆఫ్రికన్ గేమ్స్‌లో ఒక పోటీ ఉంది, 2024 మార్చిలో కేప్ కోస్ట్‌లో జరిగిన ఫైనల్లో ఘనా ఎక్స్‌ట్రా టైమ్‌లో నైజీరియాని 2-1తో కొట్టింది. అండర్-17 పిల్లలకి ఆ మాత్రం కూడా లేదు, సెకాఫా, కొసాఫా లాంటి ప్రాంతీయ సంఘాలు పెట్టే పోటీలు తప్ప.

ఇంకో చిన్న గందరగోళం డ్రా అనే మాట. జోడీలు కట్టడానికి చీటీలు తీస్తారు చూడండి, అదీ డ్రానే, మ్యాచ్ సమంగా ముగిస్తే అదీ డ్రానే. "డ్రా అయిపోయింది" అని వార్త చూసి స్కోరెంత అని అడిగినవాడిని నేనే ఒకప్పుడు. అలాగే బై అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి వెళ్ళడం. బలమైన టీములు చాలాసార్లు మొదటి రౌండ్ ఆడకుండా నేరుగా తర్వాతి రౌండ్‌లో దిగుతాయి.

## రెండు మ్యాచ్‌ల లెక్క, ఒకసారి చేసి చూద్దాం

ప్రతి జోడీ రెండు మ్యాచ్‌లు ఆడుతుంది, ఒకటి వీళ్ళ దేశంలో, ఇంకోటి వాళ్ళ దేశంలో. ఒక్కోదాన్ని లెగ్ అంటారు. రెండు స్కోర్లూ కూడితే వచ్చేది అగ్రిగేట్, ఎవరిది ఎక్కువైతే వాళ్ళు పైకి.

2022 వరల్డ్ కప్ కోసం జరిగిన చివరి రౌండే తీసుకుందాం. టాంజానియాకి కామెరూన్ పడింది. ఫస్ట్ లెగ్ యవుండేలో, అంటే కామెరూన్ సొంత గడ్డ మీద. అక్కడ టాంజానియా 4-1తో గెలిచేసింది, ఎవరూ ఊహించనిది. సెకండ్ లెగ్ జాంజిబార్‌లో 1-0. మొత్తం 5-1. ఆడైనా మగైనా, ఏ వయసు గ్రూప్ అయినా టాంజానియా ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి వెళ్ళడం అదే మొదటిసారి. ఈ సెరెంగెటి గర్ల్స్ తర్వాత గోవాకొచ్చి జపాన్ చేతిలో 4-0తో చితికిపోయి, మూడు రోజులకే అదే గోవాలో ఫ్రాన్స్‌ని 2-1తో ఓడించి, క్వార్టర్స్ దాకా పోయారు.

ఇది తేలిక లెక్క. అసలు చిక్కు అగ్రిగేట్ సమానమైనప్పుడు. అదే రౌండ్‌లో ఘనా, మొరాకో జోడీ చూడండి: తమ దగ్గర ఘనా 2-0 గెలిచింది, తమ దగ్గర మొరాకో కూడా 2-0 గెలిచింది. అగ్రిగేట్ 2-2. ఇప్పుడు అవే గోల్స్ రూల్ వస్తుంది, అంటే ఎదుటివాళ్ళ ఊళ్ళో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో వాళ్ళే పైకి. ఇక్కడ ఘనా మొరాకోలో కొట్టింది సున్నా, మొరాకో ఘనాలో కొట్టింది కూడా సున్నా. అదీ సమానమే కాబట్టి నేరుగా పెనాల్టీలు. మామూలు నాకౌట్‌లో లాగా 30 నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్ ఇక్కడ ఉండదు. పెనాల్టీల్లో మొరాకో గెలిచింది, 2008 నుంచి 2018 దాకా ఆరుకి ఆరు వరల్డ్ కప్‌లు ఆడిన ఘనా, 2012లో మూడో స్థానం తెచ్చుకున్న ఘనా, ఇంట్లో కూర్చుంది.

ఇదే జోడీలో ఒక్క గోల్ మార్చి చూస్తే ఈ రూల్ ఎంత పదునైందో తెలుస్తుంది. ఘనా తన దగ్గర 2-0 బదులు 2-1తో గెలిచి, మొరాకోలో 1-0తో ఓడిందనుకోండి. అగ్రిగేట్ మళ్ళీ 2-2నే, కానీ మొరాకోకి ఒక అవే గోల్ ఉంది, ఘనాకి లేదు, పెనాల్టీలు లేకుండానే కథ కంచికి. అందుకే ఈ మ్యాచ్‌ల్లో సొంత ఊళ్ళో 3-0తో ముందున్నా సరే ఆఖరి నిమిషంలో ఒక గోల్ ఇచ్చుకుంటే కోచ్ తల పట్టుకుంటాడు. యూరప్‌లో యూఈఎఫ్ఏ ఈ రూల్‌ని 2021లో తీసేసింది. ఉంచాలనేవాళ్ళు అవే టీమ్ డిఫెన్స్‌లో దాక్కోకుండా ఆడుతుంది అంటారు, తియ్యాలనేవాళ్ళు హోమ్ టీమే భయపడి ముడుచుకుంటోంది అంటారు, రెండూ మ్యాచ్‌ల్లో కనిపిస్తాయి.

## హోమ్ మ్యాచ్ వేరే దేశంలో

పైన చెప్పిందంతా కాగితం మీద బాగుంటుంది. ఇప్పుడు 2024 చివరి రౌండ్, కెన్యా, బురుండి. స్కోర్లు 3-0, 2-0, రెండూ కెన్యాకే, మొత్తం 5-0. కానీ ఫస్ట్ లెగ్ బురుండికి హోమ్ మ్యాచ్, అది జరిగింది ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో. తమ దేశంలో కాఫ్ ఒప్పుకునే స్టేడియం లేకపోతే వేరే దేశంలో గ్రౌండ్ అడుక్కుని ఆడాలి, ఆఫ్రికాలో సీనియర్ మగాళ్ళ టీములకి కూడా ఇది మామూలే. అప్పుడు హోమ్ అడ్వాంటేజ్ అనే మాటకి అర్థమేముంది, గ్యాలరీలో మనోళ్ళుండరు, హోటల్ ఖర్చు అదనం, పైగా ఎదుటివాళ్ళకీ మనకీ ప్రయాణం ఇంచుమించు సమానం. సెకండ్ లెగ్ నైరోబీలో ఉలింజి కాంప్లెక్స్‌లో పెట్టారు, అది మిలిటరీవాళ్ళ స్టేడియం.

ఆ గెలుపుతో కెన్యా మొట్టమొదటిసారి ఫిఫా వరల్డ్ కప్‌కి వెళ్ళింది. మగాళ్ళ సీనియర్ టీమ్ ఎన్నడూ వెళ్ళలేదు, ఆడవాళ్ళ సీనియర్ టీమూ వెళ్ళలేదు, వెళ్ళింది స్కూలు పిల్లలు. డొమినికన్ రిపబ్లిక్‌లో మెక్సికోని 2-1తో కొట్టి వరల్డ్ కప్‌లో దేశానికి తొలి గెలుపు కూడా వాళ్ళే తెచ్చారు. ఈ కెన్యా ఫెడరేషన్‌నే ఫిఫా 2022 ఫిబ్రవరిలో సస్పెండ్ చేసి నవంబర్‌లో గానీ ఎత్తెయ్యలేదు అన్న సంగతి పక్కన పెట్టి చూస్తే ఇదేదో మామూలు విజయంలా కనిపిస్తుంది, పక్కన పెట్టకుండా చూస్తేనే దీని విలువ.

## ఆడకుండానే అయిపోయే మ్యాచ్‌లు

ఈ క్వాలిఫయర్ల పట్టిక ఏ ఏడుదైనా తీసి చూడండి, స్కోరు ఉండాల్సిన చోట వాకోవర్ అని అక్కడక్కడా కనిపిస్తుంది. పేరిచ్చిన దేశం మధ్యలో తప్పుకుంటే ఎదుటి టీమ్ ఆడకుండా పైకి పోతుంది. మన కబడ్డీ పోటీల్లో పక్క ఊరి టీమ్ రాకపోతే ఏం చేస్తారో ఇదీ అదే.

ఎందుకు తప్పుకుంటారు అంటే చాలావరకు డబ్బు. ఆఫ్రికాలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నేరుగా ఫ్లైట్ దొరకడం అదృష్టం, మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నా మూడో దేశం మీదుగా తిరిగిపోవాల్సి వస్తుంది. ఇరవైమంది పైచిలుకు ప్లేయర్లు, కోచ్‌లు, డాక్టర్, అందరికీ టికెట్లు, వీసాలు, ఈ వయసు పిల్లలకి పాస్‌పోర్టులు కొత్తగా చేయించాలి. ఫిఫా ఫార్వర్డ్ అనే పథకం కింద 2023-26 మధ్య ఒక్కో దేశానికి 80 లక్షల డాలర్ల దాకా వస్తాయి, ప్రయాణాలకి కూడా అందులో వాటా ఉంది. దీన్నిబట్టి ఒక వర్గం ఏమంటుందంటే డబ్బు లేక కాదు, అమ్మాయిల టీమ్ అంటే లిస్టులో ఆఖరున పెడతారు, అదీ రోగం అని. ఫెడరేషన్ల వైపు మాట ఇంకోలా ఉంటుంది: ఆ డబ్బుతోనే గ్రౌండ్లు, లీగులు, రిఫరీలు, అన్నీ నడవాలి, ఇంటాబయటా రెండు మ్యాచ్‌ల కోసం అంత ఖర్చు పెట్టి 8-0తో ఓడి రావడం కంటే లోకల్ లీగ్‌కి పెడితే మేలు కదా అని. నా మట్టుకు నాకు మొదటి వాదనే ఎక్కువ నిజం అనిపిస్తుంది, ఎందుకంటే అదే దేశం మగపిల్లల టీమ్‌ని తప్పించిన దాఖలాలు అంత తరచుగా కనపడవు. అయినా రెండోదాన్ని ఊరికే సాకు అని కొట్టిపారెయ్యలేం.

## పదిహేడేళ్ళు అంటే ఎవరికి పదిహేడు

అండర్-17 అంటే మ్యాచ్ రోజున వయసు చూడరు, పుట్టిన సంవత్సరం చూస్తారు. 2025 వరల్డ్ కప్‌కి రూల్ ఏంటంటే 2008 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ, 2010 డిసెంబర్ 31 లోపు పుట్టి ఉండాలి.

ఇందులో ఒక పాత అన్యాయం దాగి ఉంది, ఈమధ్యే తీరింది. 2024 దాకా ఈ పోటీ రెండేళ్ళకోసారి. 2022కి కటాఫ్ 2005, 2024కి కటాఫ్ 2007. మరి 2006లో పుట్టిన అమ్మాయి? 2022లో ఆమెకి 16, తనకంటే ఏడాది పెద్ద పిల్లలతో పోటీపడి టీమ్‌లో చోటు సంపాదించాలి, ఆ వయసులో ఏడాది తేడా అంటే ఒంట్లో బలం, ఎత్తు అన్నీ తేడా. 2024 వచ్చేసరికి ఆమె వయసు దాటిపోయింది. 2005లో పుట్టినవాళ్ళకి, 2007లో పుట్టినవాళ్ళకి తామే పెద్దవాళ్ళుగా ఆడే ఛాన్స్ వచ్చింది, సరి సంవత్సరంలో పుట్టినోళ్ళకి అప్పట్లో ఎప్పుడూ రాలేదు. 2003 పిల్లల సంగతి ఇంకా ఘోరం, 2020 వరల్డ్ కప్ ఇండియాలో జరగాల్సింది కరోనాతో రద్దయింది, ఆఫ్రికా క్వాలిఫయర్లు సగంలో ఆగిపోయాయి, మళ్ళీ మొదలయ్యేసరికి వాళ్ళు పెద్దోళ్ళయిపోయారు.

2024 మార్చిలో ఫిఫా ఈ వరల్డ్ కప్‌ని ఏటా పెడతాం, 16 బదులు 24 టీములు ఆడతాయి, 2025 నుంచి 2029 దాకా అయిదూ మొరాకోలోనే అని తేల్చింది. దీంతో ప్రతి పుట్టిన సంవత్సరానికీ ఒక వంతు వస్తుంది. మరోవైపు క్వాలిఫయర్లు కూడా ఏటా ఆడాలి, అంటే పైన చెప్పిన టికెట్లు, వీసాలు, పాస్‌పోర్టుల ఖర్చు ఏటా. పిల్లలకి మేలు, ఫెడరేషన్ ఖజానాకి బరువు.

ఇక వయసు దొంగతనం గురించి అడగనివాళ్ళుండరు కాబట్టి అదీ చెప్పాలి. మగపిల్లల అండర్-17 వరల్డ్ కప్‌లో 2009 నుంచి మణికట్టుకి ఎంఆర్ఐ తీస్తున్నారు, అక్కడి ఎముక పూర్తిగా అతుక్కుపోయి ఉంటే 17 దాటినట్టు అని అంచనా. అమ్మాయిల్లో ఆ ఎముక ఇంకా ముందే అతుక్కుంటుంది, కాబట్టి నిజంగా 16 ఏళ్ళ పిల్ల కూడా ఆ స్కాన్‌లో ఫెయిల్ అవ్వొచ్చు, మగపిల్లల కొలబద్ద ఇక్కడ పనికిరాదు. చివరికి బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ మీదే ఆధారపడాలి, పుట్టిన చాలా ఏళ్ళకి రిజిస్టర్ చేయించే పల్లెల్లో ఆ కాగితం ఎంత నమ్మకమో మన పెద్దవాళ్ళని అడిగినా చెప్తారు. మా నాన్నకి స్కూల్లో వేసిన పుట్టినరోజు ఒకటి, నానమ్మ చెప్పేది ఇంకోటి.

## 54 దేశాలకి 4 సీట్లు

16 టీములున్నప్పుడు ఆఫ్రికాకి 3 చోట్లు. 24 అయ్యాక 4, ఆతిథ్య దేశం మొరాకో అదనం. 2025లో అలా నైజీరియా, కామెరూన్, ఐవరీ కోస్ట్, జాంబియా క్వాలిఫై అయ్యాయి, మొరాకోతో కలిపి అయిదు.

మిగతా ఖండాలు చూస్తే: యూరప్‌కి 55 దేశాలు, 5 సీట్లు. దక్షిణ అమెరికాలో ఉన్నవే 10 దేశాలు, వాళ్ళకి కూడా 4. ఓషియానియాకి 11 దేశాలు, 2 సీట్లు. అంటే దక్షిణ అమెరికాలో రెండున్నర దేశాలకి ఒక సీటు, ఆఫ్రికాలో పదమూడున్నర దేశాలకి ఒకటి. ఇలా పెడితే అన్యాయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆఫ్రికావాళ్ళు ఎత్తే పాయింట్ ఇదే.

ఎదుటి వాదన: 54 దేశాలూ పేరివ్వవు, ఇచ్చినవాటిలో కొన్ని తప్పుకుంటాయి, అసలు ఆడేవాళ్ళని లెక్కేస్తే తేడా తగ్గుతుంది. పైగా ఆఫ్రికా ఇప్పటిదాకా ఈ కప్పు గెలవలేదు, 2012లో ఘనా, 2022లో నైజీరియా మూడో స్థానాలే పెద్దవి. దానికి తిరుగు జవాబు కూడా ఉంది, దక్షిణ అమెరికా మాత్రం ఎప్పుడు గెలిచింది, 2022లో కొలంబియా ఫైనల్‌కి వెళ్ళింది అంతే, అదీ సెమీస్‌లో ఇదే నైజీరియాని పెనాల్టీల్లో గట్టెక్కి.

సీట్లు పెరిగితే కొత్తవాళ్ళు వస్తారా, పాతవాళ్ళే స్థిరపడతారా? నైజీరియా ఒక్క 2018 తప్ప ప్రతిసారీ వచ్చింది, వాళ్ళ సీటు దాదాపు రిజర్వేషన్ లాంటిది. మిగతా సీట్లలోనే కదలిక ఉంది: 2012లో గాంబియా, 2022లో టాంజానియా, 2024లో కెన్యా, 2025లో ఐవరీ కోస్ట్. జాంబియా 2014లో ఒకసారి వెళ్ళి మళ్ళీ 2024కి గానీ కనిపించలేదు. 2014లో వెళ్ళిన ఆ జాంబియా టీమ్‌లో 14 ఏళ్ళ బార్బరా బాండా ఉంది, తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో వరసగా రెండు మ్యాచ్‌ల్లో హ్యాట్రిక్ కొట్టిన బాండానే. ఆ ఒక్క క్వాలిఫికేషన్ రాకపోయుంటే ఆమె ఆగిపోయేదని అనను గానీ బయటివాళ్ళు ఆమెని చూడ్డానికి ఇంకా టైమ్ పట్టేది.

## రెండు మ్యాచ్‌లతో ముగిసే కెరీర్

అసలు గొడవ నా దృష్టిలో సీట్ల సంఖ్య కాదు, ఈ పద్ధతి. మొదటి రౌండ్‌లోనే నైజీరియా లాంటి టీమ్ తగిలిన చిన్న దేశం పిల్లని ఊహించుకోండి. రెండేళ్ళు ప్రాక్టీస్, క్యాంపులు, స్కూల్ సెలవులు, తర్వాత 180 నిమిషాలు, అయిపోయింది, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

ఒకచోట 8 లేదా 12 టీముల్ని చేర్చి టోర్నమెంట్ పెడితే గ్రూప్‌లోనే ప్రతి టీముకీ కనీసం 3 మ్యాచ్‌లు, టీవీలో వస్తుంది, స్కౌట్లు ఒక్క ఊరికి వస్తే చాలు, కప్పూ ఉంటుంది. ఆసియా, యూరప్, దక్షిణ అమెరికా ఇలాగే చేస్తున్నాయి. హోమ్-అవే పద్ధతిని సమర్థించేవాళ్ళ మాట కూడా వినాలి. మూడు వారాల టోర్నమెంట్ ఖర్చు మోసే దేశం ఏటా దొరకాలి, అక్కడిదాకా రాని నలభై దేశాలకి అది ఎటూ దక్కదు, హోమ్-అవేలో మాత్రం ప్రతి జోడీలో పిల్లలు సొంత ఊరి జనం ముందు ఒక్క ఇంటర్నేషనల్ మ్యాచ్ అయినా ఆడతారు. స్కూలు యూనిఫాంలో వచ్చి డప్పులు కొట్టే ఆ జనం టోర్నమెంట్ పెడితే ఎక్కడినుంచి వస్తారు?

ఇంకోటి, టోర్నమెంట్ ఉన్న ఆసియాలో కూడా దానికి ముందు క్వాలిఫయర్లుంటాయి, అవీ చిన్నవే. మన ఇండియానే చూడండి. 2022లో ఆతిథ్య దేశం కోటాలో నేరుగా వరల్డ్ కప్ ఆడాం, అమెరికా 8, మొరాకో 3, బ్రెజిల్ 5, మొత్తం 16 గోల్స్ తిని ఒక్కటీ కొట్టలేదు. అందులో మొరాకో మ్యాచ్ భువనేశ్వర్‌లో, శ్రీకాకుళం నుంచి రైలెక్కితే కొన్ని గంటల దూరంలో. అదే మొరాకో అక్కడికి ఘనాతో తాడోపేడో తేల్చుకుని వచ్చింది, మనం మాత్రం ఒక్క క్వాలిఫయర్ కూడా ఆడలేదు, ఆ తేడా మైదానంలో కనిపించింది. 2025 అక్టోబర్‌లో మన అండర్-17 అమ్మాయిలు బిష్కెక్‌లో కిర్గిజ్‌స్తాన్‌ని, ఉజ్బెకిస్తాన్‌ని రెంటినీ 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి సొంతంగా క్వాలిఫై అయ్యారు. అవీ రెండే మ్యాచ్‌లు, 180 నిమిషాలే.

## మొరాకో అనే మినహాయింపు

ఆతిథ్య దేశానికి క్వాలిఫయర్లు అక్కర్లేదు కాబట్టి 2025 నుంచి 2029 దాకా మొరాకో అండర్-17 అమ్మాయిలు ఒక్క క్వాలిఫయింగ్ మ్యాచ్ కూడా ఆడనక్కర్లేకుండా అయిదు వరల్డ్ కప్‌లు ఆడతారు. ఆఫ్రికా సీట్లలోంచి తగ్గించకుండా విడిగా ఇచ్చారు కాబట్టి మిగతా దేశాలకి నష్టమేం లేదు, పైగా బలమైన టీమ్ ఒకటి దారిలోంచి తప్పుకుంది. మొరాకోకి మాత్రం ఇది పూర్తిగా వరమో కాదో చెప్పడం కష్టం. ఫ్రెండ్లీలు ఎన్నాడినా ఓడితే పోయేదేం ఉండదు, అవే గోల్ భయం ఉండదు. 2012లో మొరాకోలో పుట్టిన అమ్మాయికి 2029 వరల్డ్ కప్ ఇంటిముందు జరుగుతుంది. ఆమె ఒక సెకండ్ లెగ్ కోసం విమానం ఎక్కి, అగ్రిగేట్ లెక్క తలలో పెట్టుకుని మైదానంలోకి దిగేది బహుశా మొదటిసారి అండర్-20 క్వాలిఫయర్లలో, వరల్డ్ కప్ ఆడేసిన తర్వాత.